రోడ్డు కారుకు ముందు రోడ్డు చూపించు

రెడీ టు రన్ అంట. ఆన్ రోడ్ అంట. రేడియో కంట్రోలు కారంట. ఇదంతా మా మనవడు ఒక్క గుక్కలో చెప్పి, ఫోను నా ముక్కు ముందర పెట్టి, "ఏది తీసుకోమంటావు జేజినాయనా?" అంటాడు. నంద్యాలలో ఇంటరు చదువుతున్నాడు, సెలవులకు సంజామల వచ్చినాడు. పెట్టె విప్పంగానే పరిగెత్తే బండి కావాలంట వానికి. మా రోజుల్లో పెట్టె అనేదే లేదు, ఇంక విప్పేదేముంది?

మేం బండి కావాలనుకుంటే పొలానికి పోయేవాళ్ళం, అంగడికి కాదు. పచ్చజొన్న కోతలై కంకులు విరిచినాక ఎండు దంట్లు పిల్లకాయల సొత్తు. దంటు పైచెక్కు గోటితో చీలిస్తే గట్టి ఈనెలు వచ్చేవి, లోపల మెత్తటి బెండు. బెండు ముక్కలకు ఈనెలు గుచ్చితే నొగలు, కాడి, తొట్టి అన్నీ తయారు. జిగురు లేదు, మేకు లేదు. ఎద్దులు కావాలంటే వాగు ఒడ్డున నల్లరేగడి మట్టి ఉండనే ఉంది.

కారు కావాలంటే మాత్రం వేరే సామాను. తెగిపోయిన హవాయి చెప్పును బ్లేడుతో గుండ్రంగా కోస్తే చక్రాలు. ఇరుసుకు సైకిలు ఊచ, బాడీకి డాల్డా డబ్బా రేకు. ముందు ఇరుసును నడిమధ్య ఒకే మేకు మీద వదులుగా నిలబెట్టి, దానికి పొడుగు కర్ర తగిలించి, కర్ర కొసన తీగ వంచి స్టీరింగు. నిలబడి నడుపుకుంటా చావిడి దాకా పోయి వచ్చేవాళ్ళం. రెండు చక్రాలూ ఒకే ఊచకు బిర్రుగా బిగిస్తే బండి మలుపు తిరగదు, లోపలి చక్రం ఈడ్చుకుపోతుంది. ఒకటి వదులుగా ఉంటేనే తిరుగుతుంది. ఇది మాకు పదేళ్ళ వయసులో తెలిసిన సంగతి. దాన్నే ఇప్పుడు డిఫరెన్షియల్ అని పెట్టె మీద పెద్దక్షరాలతో అచ్చేసి అమ్ముతున్నారు.

నేను రేడియోలు, బోరు మోటర్లు బాగుచేసి బతికినవాణ్ణి. అందుకే ఈ కారు గొడవలో నాకు నోరు మూసుకోవడం చేతకాదు. మా రోజుల్లో ఇంట్లో రేడియో పెట్టుకోవాలంటే పోస్టాఫీసుకు పోయి లైసెన్సు కట్టాల. ఆ బాధ 1980ల్లో గానీ తీరలేదు. పాటలు వినే డబ్బాకే అంత పట్టింపు. ఇంక సిగ్నలు పంపే యంత్రం ఇంట్లో ఉందంటే 1933 నాటి వైర్‌లెస్ చట్టం బయటికి తీసేవాళ్ళు. ఇప్పుడు మీసాలు సరిగా రాని పిల్లోడి చేతిలో ట్రాన్స్‌మిటరు! పిస్తోలు ఆకారంలో ఉంటుంది. చూపుడు వేలితో లాగితే కారు ముందుకు పోతుంది, పక్కనున్న చిన్న చక్రం తిప్పితే మలుపు తిరుగుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో తక్కువ శక్తి యంత్రాలకు లైసెన్సు అక్కర్లేదని 2005లో కేంద్రం తేల్చేసింది కాబట్టి ఎవరూ అడగరు. రేడియోకు మేం కట్టిన డబ్బులు మాత్రం ఎవరూ తిరిగివ్వలేదు.

ఈ ఆట నిన్నమొన్న పుట్టిందని మావాడి నమ్మకం. 1966లోనే ఇటలీలో ఎల్-జీ అనే కంపెనీ (ఇప్పటి టీవీల ఎల్‌జీ కాదు) ఫెరారీ 250 ఎల్ఎం కారును పన్నెండో వంతు కొలతలో చేసి, రేడియోతో నడిపించి అమ్మింది. పదేళ్ళకు, 1976లో, జపాను టామియా వాళ్ళు అదే కొలతలో పోర్షె 934 తెచ్చినారు. అప్పుడు మా ఊళ్ళో కారంటే ఎలక్షన్లకు వచ్చే అంబాసిడరే. దాని వెనక దుమ్ములో పరిగెత్తడమే మేం చూసిన మోటారు రేసు.

టామియా వాళ్ళలో నాకు నచ్చిన గుణం ఒకటుంది. వాళ్ళ అసలు సరుకు పెట్టెలో కారు ఉండదు, కారు ముక్కలు ఉంటాయి. కొన్నవాడే బొమ్మల పుస్తకం చూసి గేర్లకు గ్రీజు పూసి, స్క్రూలు బిగించి, బాడీకి రంగేసుకోవాల. డాల్డా డబ్బా పనికీ దానికీ తేడా ఏమీ లేదు, డబ్బులు తప్ప. ఈ రెడీ టు రన్ తెగులును పెద్ద వ్యాపారం చేసింది అమెరికా వాళ్ళు. 1986లో పుట్టిన ట్రాక్సాస్ లాంటి కంపెనీలు బిగించిన బండినే పెట్టెలో పెట్టి ఇచ్చినాయి. జనానికి తీరిక లేదు, కొనేసినారు. ఆ "రెడీ" కూడా ఏం రెడీ? పెట్టె మీద చిన్నక్షరాలు చదువు. కొన్నిట్లో బ్యాటరీ రాదు, కొన్నిట్లో ఛార్జరు రాదు, రిమోటులోకి పెన్సిల్ సెల్లులైతే చాలావాటిల్లో రావు. ఎద్దుల బండి అమ్మి కాడి విడిగా కొనుక్కోమంటే మా రోజుల్లో ఊరుకునేవాళ్ళా?

మావాడికి ముందు చెప్పింది, తిరునాళ్ళ కారుకూ అసలు కారుకూ తేడా చూడమని. యాగంటి తిరునాళ్ళలో, నంద్యాల ఫ్యాన్సీ అంగళ్ళలో నాలుగైదు వందలకు దొరికే రిమోటు కార్లు ఎన్నో నా బల్ల మీదికి రిపేరుకు వచ్చినాయి. ఎడమ మీట నొక్కితే చక్రాలు పూర్తిగా ఎడమకు, కుడిది నొక్కితే పూర్తిగా కుడికి, నడిమధ్య ఏమీ లేదు. పోతే పూర్తి వేగం, లేకుంటే ఆగుడు. 27 మెగాహెర్ట్జ్ మీద నడిచేవి రెండు ఒకేచోట చేరితే వీని రిమోటుకు వాని కారు కదిలేది, పిల్లకాయలు జుట్లు పట్టుకునేవాళ్ళు. లోపల అంతా ఒకే పచ్చ బోర్డు. ఒక మూల కాలిందంటే మొత్తం పారేయాల.

అసలు సరుకులో వేలు ఎంత లాగితే మోటరుకు అంత కరెంటు, చక్రం ఎంత తిప్పితే అంత మలుపు. మలుపు తిప్పే సర్వో విడిగా, సిగ్నలు అందుకునే రిసీవరు విడిగా, మోటరుకు కరెంటు కొలిచి పోసే ఈఎస్సీ విడిగా ఉంటాయి. ఏది చెడితే అది మార్చుకోవచ్చు. చవక రకాల్లో కొన్నిటికి రిసీవరు, ఈఎస్సీ ఒకే డబ్బాలో అతికించి ఉంటారు. కొనేముందే అడగాల. మావాడు అడగలేదు. వాడు అడిగింది ఒక్కటే: "గంటకు ఎంత స్పీడు పోతుంది?"

సంతలో ఎద్దును కొనేటప్పుడు ఎంత వేగం పోతుందని అడిగేవాణ్ణి నేను చూళ్ళేదు. పళ్ళు చూస్తారు, సుడులు చూస్తారు, గిట్టలు ఎత్తి చూస్తారు, నాలుగడుగులు నడిపించి చూస్తారు. కారుకూ అంతే గదా. ముందు తిరగేసి అడుగు చూడు. స్క్రూలు మామూలు స్క్రూడ్రైవరుకో, షట్కోణం కీకో వస్తాయా? చక్రాలు తిరిగేచోట బేరింగులు ఉన్నాయా, ప్లాస్టిక్ బుష్షులా? బుష్షులైతే మా దుమ్ముకు నెల తిరక్కముందే అరిగి చక్రం ఊగుతుంది. ముందు చక్రాలు మోసే చేతులు, సస్పెన్షన్ ఆర్మ్ అంటారు, అవి విడిగా దొరుకుతాయా? ఎందుకంటే గోడకు గుద్దితే మొదట విరిగేది అవే. ఆ తర్వాత మోటరు కొసనుండే చిన్న గేరు (పినియను) తిప్పే పెద్ద ప్లాస్టిక్ గేరు. కారు ధర అడగబోయే ముందు ఆ రెండు ముక్కల ధర అడుగు. చెప్పలేకపోతే అంగడి దిగి వచ్చెయ్. హైదరాబాదు, బెంగుళూరు నుంచి కొరియరులో ముక్క వచ్చేసరికి వీళ్ళ సెలవులు అయిపోతాయి గాబట్టి, కారుతో పాటే ఒక జత చేతులు, ఒక గేరు తెప్పించుకోవాల.

మోటరు దగ్గర మాత్రం నన్ను కాసేపు మాట్లాడనీయండి, అది నా పని. రెండు రకాలు. ఒకటి కార్బన్ బ్రష్షులది, 540 సైజు అంటారు. చవక, మెత్తగా కదులుతుంది, నేర్చుకునేవానికి మంచిది. బ్రష్షులు అరుగుతాయి, కమ్యుటేటరు నల్లబడుతుంది, కొన్నాళ్ళకు మోటరే మార్చాల. రెండోది బ్రష్‌లెస్. అందులో తీగచుట్లు కదలవు, అయస్కాంతం తిరుగుతుంది. అరిగేది బేరింగే. దాన్ని చూసి మొదటిసారి నాకు ముచ్చటేసింది, ఎందుకు దాయాల? మూడు తీగలు బయటికి వస్తాయి. మూడు తీగల మోటరంటే బోరు కాడ మేం జీవితమంతా చూసినదే.

కానీ దాని మీద "3300 కేవీ" అని రాసుంది. మా ఊరి పొలాల మీద పోయే లైనే 11 కేవీ! పిల్లోడు నవ్వి చెప్పినాడు, అది కిలోవోల్టు కాదు, లోడు లేనప్పుడు ఒక్కో వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆ లెక్క అని. అయితే 7.4 వోల్టుల బ్యాటరీకి 24,420 చుట్లు. మా బోరు మోటరు నిమిషానికి మూడు వేలకు కొంచెం తక్కువ తిరిగి, పాతాళం నుంచి నీళ్ళు తెచ్చి నాలుగెకరాలు తడిపేది. ఇది దానికి ఎనిమిదింతలు తిరిగి, పక్కింటి మేకను బెదరగొడుతుంది. ఇంకా వేగం కావాలని పినియను పళ్ళు పెంచుతారు. పెంచితే మోటరు కాగుతుంది, వేలు పెట్టలేవు. నేను ఎన్ని మోటర్లు కాలినవి విప్పి ఉంటానో, వాటిల్లో సగం ఈ అత్యాశవే.

బ్యాటరీ సంగతి. పాత రకం నికెల్ మెటల్ హైడ్రైడ్, 1.2 వోల్టుల సెల్లులు ఆరు, మొత్తం 7.2. మొండిది, కొంచెం అటూ ఇటూ అయినా తట్టుకుంటుంది. కొత్త రకం లైపో, 3.7 వోల్టుల సెల్లులు రెండు. తేలిక, జోరెక్కువ, కానీ లెక్క తప్పితే పగబడుతుంది. సెల్లుకు 4.2 దాటి ఎక్కించరాదు, 3 వోల్టుల కంటే కిందికి దించరాదు, వాడకుండా దాచేటప్పుడు 3.8 దగ్గర ఉంచాల. ఉబ్బిందంటే మళ్ళీ ఛార్జింగు పెట్టే మాటే లేదు. నంద్యాల ఎండ మీకు కొత్తగా చెప్పాలా? మే నెలలో మిద్దె మీద బ్యాటరీ వదిలి వచ్చేవాడికి లైపో కొనివ్వగూడదు. ఛార్జింగు అయ్యేంత సేపూ కాపలా ఉండాల, మంచం కింద పెట్టి నిద్రపోయే వ్యవహారం కాదు. ఇదంతా చేసి ఆడేది ఎంతసేపు? 3000 ఎంఏహెచ్ అంటే మూడు ఆంపియర్ గంటలు. కారు సగటున 12 ఆంపియర్లు తాగితే పావుగంట. పెట్టెలో వచ్చే యూఎస్‌బీ ఛార్జరుతో అది మళ్ళీ నిండడానికి గంటలు గంటలు. మా చెప్పు చక్రాల కారు అన్నానికి పిలిచేదాకా నడిచేది.

ఇంక రోడ్డు. అసలు తగాదా ఇక్కడే. ఆన్ రోడ్ అంటే నేల మీద పాకే కారు. నున్నటి తారు, లేకుంటే తివాచీ పరిచిన ట్రాకు మీద పరిగెత్తడానికి చేసింది. పదో వంతు కొలత టూరింగ్ కారు వెడల్పు 190 మిల్లీమీటర్లు. అడుగుకూ నేలకూ మధ్య సందు రేసు కార్లలో ఐదారు మిల్లీమీటర్లు ఉంటుంది. మా ఊరి శనగ గింజ కూడా దాదాపు అంతే! శనగలు నూర్చే కాలంలో మా సిమెంటు రోడ్డు రోడ్డు కాదు, కళ్ళం. శనగలు కాకుంటే జొన్నలు, జొన్నలు కాకుంటే మిరపకాయలు. అవన్నీ లేనప్పుడు ట్రాక్టరు టైర్ల నుంచి రాలిన రేగడి పెళ్ళలు. సిమెంటు పలకల మధ్య సందులు, అడ్డంగా పారే జాలాడి నీళ్ళు, గొర్రెల మంద. 1996 ప్రాంతంలో మాట వచ్చిన నంద్యాల–ఎర్రగుంట్ల రైలు మా ఊరికి రావడానికి 2016 అయింది. మనవడి కారు కోసం నున్నటి రోడ్డు ఎప్పుడొస్తుందో లెక్కేసుకోండి.

హైదరాబాదులోనైనా అంతే గదా. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన కరెంటు కార్ల రేసు పెట్టినారు, ఫార్ములా ఈ అని. అంత పెద్ద నగరంలో కూడా ఆ 2.8 కిలోమీటర్ల ట్రాకును సిద్ధం చేసి, చుట్టూ గోడలు నిలబెట్టి, జనాన్ని ఆపితే గానీ నడవలేదు. మరుసటేడు రేసు రద్దయింది. మనిషి కూర్చునే కారుకే అంత కథ ఉంటే, పిడికెడు చక్రాల కారు సంజామల వీధిలో ఏం చేస్తుంది?

మా మనవడు ఊరుకునే రకం కాదు. "అయితే ఏడో వంతు కొలతది తీసుకుంటా, పెద్ద చక్రాలు" అన్నాడు. ఆ కొలతలో రోడ్డు కార్లు గంటకు 130 పోతాయని కంపెనీలు చెప్పుకుంటాయి. ట్రాక్సాస్ వాళ్ళ ఎక్స్‌వో-1 అనేది 2011లోనే 160 పోతుందని వచ్చింది. ఎద్దుల బండ్లు, ముసలమ్మలు తిరిగే వీధిలో నాలుగైదు కిలోల ఇనుప గుండును ఆ వేగంతో వదులుతావా? ధర చూస్తే నాకు కళ్ళు తిరిగినాయి. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినప్పుడు దాని ధర 47,500 రూపాయలు, నలుగురు కూర్చుని తిరుపతి పోయి రావచ్చు. ఈ బొమ్మ మన చేతికి వచ్చేసరికి దానికంటే ఎక్కువ. "అప్పటి రూపాయి వేరు జేజినాయనా" అంటాడు. వేరేలే, నాకూ తెలుసు. బొమ్మల మీద దిగుమతి సుంకం 20 శాతం ఉన్నది 2020లో 60 చేసి, 2023లో 70కి తెచ్చినారు. అదీ కలుస్తుంది. 2021 నుంచి బొమ్మల మీద ఐఎస్ఐ ముద్ర ఉండాలనే నియమం కూడా పెట్టినారు, మంచిదే. మా చెప్పు చక్రాలకు ముద్ర వేసేవాళ్ళే లేకపోయిరి.

వీధిలోనే నడపాలంటే ఒక దారి ఉంది. రోడ్డు కారు చట్రాన్నే కొంచెం ఎత్తి, గళ్ళ టైర్లు వేసిన ర్యాలీ రకం. అందులో కూడా నాలుగు చక్రాలకూ శక్తి పంపేది షాఫ్టా బెల్టా చూడాల. రేసు కార్లలో బెల్టు మెత్తగా, శబ్దం లేకుండా తిరుగుతుంది. పిండిమర బెల్టులో గులకరాయి పడితే ఏమవుతుందో చూసిన మనిషి మా ఊరికి బెల్టు కారు తేడు. గేర్లు మూసిన షాఫ్టు కారు, బ్రష్షుల మోటరు, నికెల్ బ్యాటరీ. పదో పదిహేను వేలో అవుతుంది. దానికి నేను సరే అన్నాను. వానికి ర్యాలీ కారు నచ్చలేదు. ఆకారం బాగా లేదంట, పోర్షె లాగా నేలకు అంటుకుని ఉండాలంట.

అంత నున్నటి నేల ఊళ్ళో ఎక్కడుందిరా అని వెతికితే, మా కాళ్ళ కిందే ఉంది. నాపరాయి. కోవెలకుంట్ల, బనగానపల్లె, బేతంచెర్ల పొడవునా భూమిలో పొరలు పొరలుగా దొరికే రాయి. దేశమంతా పోతుంది, మా పక్క పేదసాదల ఇంట్లో కూడా అదే పరుస్తారు. పాలిషు పట్టిన బండలు, సందుల్లో సిమెంటు, గడప నుంచి వంటింటి దాకా ఒకే మట్టం. పదో వంతు కారుకు మా నడవ చాలదు, గోడలకు గుద్దుకుని చస్తుంది. కానీ ఇరవై ఎనిమిదో వంతు కొలతవి ఉన్నాయి, అరచేతి కంటే కొంచెం పెద్దవి. జపాను క్యోషో వాళ్ళ మినీ-జెడ్ 1999 నుంచి వస్తోంది. ఇంట్లో ఆడుకునే రోడ్డు కారంటే అదే. దాని లోపలికి పోయేది సన్న పెన్సిల్ సెల్లులు నాలుగు. మళ్ళీ మళ్ళీ ఛార్జి చేసుకునే రకం వేసుకుంటే లైపో భయం లేదు, అగ్గి భయం లేదు. ముక్కలన్నీ విడిగా దొరుకుతాయి. చైనావి ఇంకా చవకలో ఉన్నాయి గానీ వాటిల్లో కొన్నిటికి చిన్న లైపోనే. బల్ల మీద పెట్టుకుని, సన్న స్క్రూడ్రైవరుతో, కళ్ళద్దాలు పెట్టుకుని నేనైనా విప్పగలను.

మావాడు వారం రోజులు మూతి ముడుచుకుని, చివరికి దానికే ఒప్పుకున్నాడు. వచ్చింది. మొదటిరోజే వాని కష్టాలు మొదలు. చిటికెడు దుమ్మున్నా ఆ రబ్బరు టైర్లు జారుతాయి, మలుపులో కారు బొంగరం తిరుగుతుంది. వెంట్రుక ముక్క, దారప్పోగు ఇరుసుకు చుట్టుకుంటే మోటరు మూలుగుతుంది. నేల అద్దమై ఉండాల. వాళ్ళ జేజి ఏం మాట్లాడలేదు. చీపురు, బకెట్టు, తడిగుడ్డ తెచ్చి వాని ముందర పెట్టింది. పుట్టినప్పటి నుంచి చీపురు ముట్టని పిల్లోడు ఇప్పుడు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నడవ, పంచ ఊడ్చి తుడుస్తాన్నాడు. సెలవులు ఇంకో పది రోజులు పొడిగిస్తే బాగుండునని ఆమె పక్కింటి వాళ్ళతో అంటాంది. వంటింట్లోకి కూడా ఒక రేసు ట్రాకు వేసుకోమని నిన్న వానికి చెప్పింది.